బావినీటి లెక్క

ఉప్పుసీమలో మంచినీరు

గోదావరి పడమటి పాయయైన వసిష్ఠకును ఉప్పుటేటికిని నడుమ, సముద్రమునకు చేరువగా మొగల్తూరు వెలసియున్నది. ఈ సీమకు నీటికొరత లేదు. కాలువనీరు, మురుగుకాలువల నీరు, చెరువునీరు, చేలలో నిలిచిన నీరు, పోటు సమయమున సముద్రమునుండి ఎగదన్ను నీరు, ఏ దిక్కు చూచినను నీరే కనబడును. త్రాగుటకు పనికివచ్చు నీటి విషయమున మాత్రము ఈ సీమ ఏనాడును సంపన్నమైనది కాదు.

దీనికి కారణము నేల పుట్టుకలోనే యున్నది. గోదావరి తెచ్చిన ఒండ్రు సముద్రమును పూడ్చి ఈ భూమిని కల్పించినది. పూడ్చునపుడు పాత సముద్రజలము కొంత బంకమట్టి పొరలలో చిక్కుకొనిపోయినది. అందుచేత లోతుగా బోరు దింపినచో పెక్కుచోట్ల ఉప్పునీరు తగులును. తీరము పొడవున నున్న ఇసుకమెరకలలో మాత్రము వాననీరు ఇంకి, ఉప్పునీటికంటె తేలిక గనుక దానిమీద తేలుచు, పలుచని మంచినీటి పొరగా నిలుచును. హాలెండు దేశమున బాడన్ గైబన్ 19వ శతాబ్దపు చివరను, జర్మనీ దేశమున హెర్జ్‌బెర్గ్ 20వ శతాబ్దపు ఆరంభమునను దీనికొక లెక్క కట్టిరి. సముద్రమట్టమునకు పైన ఒక అడుగు మంచినీరున్నచో, ఆ మట్టమునకు క్రింద సుమారు 40 అడుగులవరకు మంచినీరే యుండును. ఈ లెక్కను తిరుగవేసి చూచినచో భయము కలుగును. పైనీరు ఒక అడుగు తరిగినచో, కాలక్రమమున క్రిందినుండి ఉప్పు 40 అడుగులు పైకి వచ్చును. ఎంత లోతు త్రవ్విన అంత మంచినీరనుట మెట్టసీమ న్యాయము. తీరగ్రామములలో అది చెల్లదు. అందుచేతనే ఇచ్చటి పెద్దలు మెరకలమీద లోతులేని నూతులు త్రవ్వి, చేదతో మెల్లగా తోడుకొనుచుండెడివారు.

పూర్వుల జాగ్రత్త

భూమిలోని నీటినిగూర్చి పూర్వులు ఆలోచింపలేదని తలచుట పొరపాటు. 6వ శతాబ్దమున వరాహమిహిరుడు రచించిన బృహత్సంహితలో దకార్గళమను అధ్యాయమొకటి కలదు. చెట్లను, పుట్టలను, మట్టి రంగును పట్టి నేలక్రింద నీరెచ్చటనున్నదో ఎరుగుట అందలి విషయము. కలకదేరి, చేదెక్కి, ఉప్పనై, దుర్గంధముగల బావినీటిని బాగుచేయుటకు చిల్లగింజ, ఉసిరిక, వట్టివేరు, తుంగముస్తెలు మొదలగువానితో కూడిన చూర్ణమును కూడ ఆయన అందులో చెప్పియున్నాడు. నీటిలో మలమూత్రములను, రక్తమును, విషమును వేయరాదని మనుస్మృతి నిషేధించినది. జలస్థానముల చెంత అశుచి చేసినవారికి కౌటిల్యుని అర్థశాస్త్రము పణములలో జుర్మానా నిర్ణయించినది.

ఈ గ్రంథములు చెప్పినది ఒక బావిలోని దోషమును గూర్చి. చేదతో తోడివేసి, మందు చల్లి, తిరిగి ఊరిన నీటిని త్రాగవచ్చును. నేలయే దోషము పట్టినపుడు ఈ ఉపాయము చాలదు. తోడినకొలది అదే దోషము మరల ఊరును. అట్టి దుస్థితి నూరు ఎకరములకో వేయి ఎకరములకో ఒక్కసారిగా కలుగునని పూర్వులు ఊహించి యుండరు. వారి కాలమున ఫ్యాక్టరీలు లేవు.

కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించినపిమ్మట డెల్టాకు నదీజలము కాలువలద్వారా వచ్చినది. వరిచేలలో నెలల తరబడి నిలిచిన తీపినీరు నేలలోనికి ఇంకుచు ఉప్పును కొంత అణచియుంచినది. కాలువనీటితో నింపిన మంచినీళ్ళ చెరువులు ఊరూర వెలసినవి. పిమ్మట కొళాయిలు, వానివెంట డబ్బానీళ్ళు వచ్చినవి. సౌకర్యము పెరిగినది. దానితోపాటు నూతివైపు చూచుట తగ్గినది.

రొయ్యల చెరువుల తీర్పు

నూతివైపు చూపు తగ్గిన కాలముననే తీరమునకు కొత్త వ్యవసాయము వచ్చినది. 1980 దశాబ్దపు చివరినుండి ఆంధ్ర తీరమున రొయ్యల చెరువులు వేగముగా విస్తరించినవి. వరిలో కనరాని లాభము వానిలో కనబడినది. పెక్కు కుటుంబములు అప్పులు తీర్చుకొని పిల్లలను చదివించుకొన్నవి. ఈ మేలును కాదనుట న్యాయము కాదు. కాని ఉప్పునీరు చేలనడుమ నిలిచినచోట ప్రక్క పొలమునకును, ప్రక్క నూతికిని అది ఊటగా దిగినది. తమిళనాడునందు సర్వోదయ నాయకులైన జగన్నాథన్ గారు ఈ విషయమై 1994లో సుప్రీంకోర్టు నాశ్రయించిరి. నాగపూరునందలి నీరీ సంస్థ శాస్త్రజ్ఞులు కోర్టు ఆజ్ఞపై తీరప్రాంతములను పరిశీలించి, త్రాగునీటి నూతులు ఉప్పెక్కినవని నివేదించిరి.

1996 డిసెంబరు 11న తీర్పు వెలువడినది. తీర నియంత్రణ మండలములో సాంప్రదాయిక పద్ధతికి చెందని రొయ్యల చెరువులను 1997 మార్చి 31లోగా తొలగింపవలెననియు, కలుషితము చేసినవారే నష్టపరిహారమును, నేలను నీటిని తిరిగి బాగుచేయు ఖర్చును భరింపవలెననియు కోర్టు శాసించినది. ఇది పెద్ద తీర్పు. 2005లో పార్లమెంటు చేసిన చట్టము తీరమండల నిషేధమునుండి ఈ పరిశ్రమను తప్పించి, చెన్నపట్టణమున ఒక అథారిటీ క్రింద చెరువుల రిజిస్ట్రేషనుకు ఏర్పాటు చేసినది. ఇండ్లకును త్రాగునీటి వనరులకును చెరువు ఎంత దూరముననుండవలెనో నియమములు వచ్చినవి. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించినపిమ్మట చెరువులు మరల విరివిగా పెరిగినవి.

మొగల్తూరు ఈ చరిత్రకు వెలుపల లేదు. 2017 మార్చి 30న నల్లంవారితోటలోని ఒక రొయ్యల శుద్ధి ఫ్యాక్టరీలో వ్యర్థజలపు తొట్టివద్ద విషవాయువు సోకి ఐదుగురు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఆ దుర్ఘటన భూగర్భజలమునకు సంబంధించినది కాదు. అయినను వ్యర్థజలము తొట్టిలో ఎంతకాలముండును, తొట్టినుండి ఎచ్చటికి పోవును, అది పోవుచోట నేల యేమగును అను ప్రశ్నలను ఇంటింటికి చేర్చినది. ఈ ప్రశ్నలను నలువది ఏండ్లకు మునుపే అడిగి, వానికి జవాబు రాబట్టుటకు ఒక తరమంతయు పోరాడిన తెలుగు పల్లెలు వేరొకచోట నున్నవి. వారి అనుభవము మొగల్తూరువారికి పాఠము కాదగినది.

నక్కవాగు కథ

హైదరాబాదుకు వాయవ్యమున, పూర్వపు మెదక్ జిల్లాలో పటాన్‌చెరు కలదు. నేడది సంగారెడ్డి జిల్లాలోనిది. ఆ ప్రక్కనుండి పారు చిన్న ఏరు నక్కవాగు. నక్కవాగు మంజీరలో కలియును. మంజీర కందకుర్తివద్ద గోదావరిలో కలియును. ఈ విధముగ నక్కవాగు గోదావరి కుటుంబములోనిదే.

1970 దశాబ్దమున వెనుకబడిన జిల్లాకు ఉపాధి కల్పింపవలెనను సదుద్దేశముతో ప్రభుత్వము పటాన్‌చెరులోను, దాని చుట్టుప్రక్కల బొల్లారము, పాశమైలారములలోను పారిశ్రామికవాడలను నెలకొల్పినది. మందుల ఫ్యాక్టరీలు, రసాయనముల ఫ్యాక్టరీలు వందలుగా వచ్చినవి. దేశమునకు చౌకగా మందులు లభించినవి. వానినుండి వెలువడిన మురుగు మాత్రము కుంటలలోనికిని, వాగులలోనికిని, కొన్నిచోట్ల తిన్నగా గోతులలోనికిని పోయినది. అచ్చటి భూమి నల్లరాతి భూమి. పైన కొంత పొడిరాయి, క్రింద పగుళ్ళు. ఆ పగుళ్ళవెంట విషజలము చెప్పక చేయక ప్రాకినది. వాగువెంటనున్న ఇసుకపొర దానికి బాటయైనది. పోచారము, చిదురుప్ప, ఆరుట్ల, బైతోలు, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, గడ్డపోతారము, కాజీపల్లి, సుల్తానుపూరు మొదలైన గ్రామములలో నూతినీరు రంగుమారినది. వరిపైరు మాడినది. పశువులు అనారోగ్యము పాలైనవి.

పటాన్‌చెరులో వైద్యవృత్తిలోనుండిన డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు గ్రామస్థుల బాధను లోకమునకు తెలిపినవారిలో ప్రముఖులు. 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము దాఖలైనది. కోర్టు ఆజ్ఞపై జిల్లా న్యాయాధికారి గ్రామములు తిరిగి, మెట్ట ఎంత, మాగాణి ఎంత చెడినదో విచారించి నివేదించిరి. దానినిబట్టి రైతులకు నష్టపరిహారము ముట్టినది. బాధిత గ్రామములకు మంజీర నీటిని గొట్టములద్వారా సరఫరా చేయుటకు ఆజ్ఞలైనవి. వ్యాజ్యము 2001లో హైకోర్టుకు బదిలీయైనది. అటుపిమ్మట హరిత ట్రిబ్యునలుకు చేరి, 2017లో తుదితీర్పు వెలువడినది. వ్యాజ్యము దాఖలైననాడు పుట్టిన శిశువునకు తీర్పు నాటికి 27 ఏండ్లు నిండినవి.

ఈ నడుమ చేసిన పనులు లేకపోలేదు. ఫ్యాక్టరీల మురుగును ఒకచోట చేర్చి శుభ్రపరచుటకు ఉమ్మడి శుద్ధికేంద్రము 1994లో వచ్చినది. అచ్చట శుద్ధియైన నీటిని వాగులో విడువక, 18 కిలోమీటర్ల గొట్టముద్వారా హైదరాబాదు మురుగుకాలువలోనికి, దానినుండి అంబర్‌పేట కేంద్రమునకు పంపు ఏర్పాటు జరిగినది. అంబర్‌పేట మురుగు మూసీలో పడును. మూసీ కృష్ణలో కలియును. ఈ విధముగ గోదావరి కుటుంబమునకు వచ్చిన కష్టము కొంత కృష్ణ కుటుంబమునకు బదిలీయైనది. దీనిని శుభ్రపరచుట యనవలెనో, స్థలము మార్చుట యనవలెనో పాఠకులే నిర్ణయించుకొనగలరు.

అడుగని ప్రశ్న

ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని చాలకాలము కొలుచుచునే యుండిరి. ఆమ్లమెంత, లవణములెంత, కుళ్ళిన పదార్థమెంత అని పట్టికలు తయారైనవి. 2007లో స్వీడన్ దేశమునకు చెందిన లార్సన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును అదే నీటిని వేరొక ప్రశ్నతో పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. ఇందులో మందు ఎంత కలదు? సుమారు 90 మందుల ఫ్యాక్టరీల మురుగును స్వీకరించు ఆ కేంద్రమునుండి ఒక్క దినమున వెలువడిన సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు సుమారు 45 కిలోలని వారు లెక్కకట్టిరి. 90 లక్షల జనాభాగల స్వీడన్ దేశమంతయు ఐదు దినములలో వాడునంత మందు అది. 2009లో ప్రకటించిన మరియొక పరిశోధనలో ఆ ప్రాంతపు పల్లెల నూతులలోను మందుల జాడ కనుగొనిరి.

దీని ప్రమాదము చేదు మందుబిళ్ళ మ్రింగిన ప్రమాదమువంటిది కాదు. సూక్ష్మజీవులు ఆ మందునకు అలవాటుపడి, రేపు నిజముగ జబ్బుచేసినపుడు ఆ మందునకు లొంగకుండ తయారగును. పటాన్‌చెరులో అలవాటుపడిన సూక్ష్మజీవికి జిల్లా సరిహద్దు తెలియదు.

మందుల ఫ్యాక్టరీల మురుగులో ఈ జాతి మందు ఎంతవరకు ఉండవచ్చునో పరిమితి విధింపవలెనని 2020లో కేంద్రప్రభుత్వము ముసాయిదా ప్రకటించినది. 2021లో వచ్చిన తుది ప్రకటనలో ఆ పరిమితులు చోటుచేసుకొనలేదు. అడుగని ప్రశ్నకు పట్టికలో గడి యుండదు. గడి లేనిది ఎవరికంటను పడదు.

పటాన్‌చెరు చరిత్రలో మొగల్తూరువారు గమనింపదగిన మరియొక సంగతి కలదు. మంజీర నీరు ఇంటికి వచ్చుట ప్రజలకు పెద్ద ఊరట. ఆ ఊరటతో పాటు నూతి మరుగున పడినది. త్రాగుట మానిననూ పశువులకు, గుడ్డలుతుకుటకు, కూరపాదులకు నూతినీరే వాడుకలో నుండును. త్రాగుటలేదు గనుక కొలువనక్కరలేదనుకొన్నచో, బాకీ తీరకయే ఖాతా మూసినట్లగును. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశమందలి పారిశ్రామిక ప్రాంతములకు మార్కులు వేసినపుడు, 70కి మించినవానిని అత్యంత కలుషిత ప్రాంతములుగా పేర్కొన్నది. పటాన్‌చెరు–బొల్లారము ఆ జాబితాలో నిలిచినది. వ్యాజ్యము దాఖలై అప్పటికి 19 ఏండ్లు గడచినవి.

శుభ్రపరచుట, కనిపెట్టియుండుట

చెడిన భూగర్భజలమును బాగుచేయుటకు శాస్త్రజ్ఞులు చెప్పు క్రమము పల్లెటూరివారికి తెలియనిదేమియు కాదు. పడవకు చిల్లుపడినపుడు మొదట చిల్లు మూయవలెను. విషము పుట్టుచోటును ఆపక నీటిని శుద్ధిచేయుట చిల్లు మూయక నీరు తోడుటవంటిది. రెండవది, చెడిన మట్టిని తొలగించుటయో, దోషజలమును తోడి శుద్ధిచేయుటయో, మంచినీటిని ఇంకించి ఉప్పును వెనుకకు నెట్టుటయో. మూడవది, చుట్టును పరిశీలన బావులు త్రవ్వి, దోషము ఎటు ప్రాకుచున్నదో, తరుగుచున్నదో పెరుగుచున్నదో ఏండ్లతరబడి కనిపెట్టియుండుట. ఏటినీరు ఒక దినమున పోవు దూరము పోవుటకు భూమిలోని నీటికి ఏండ్లు పట్టవచ్చును. ఒక సంవత్సరము పరీక్ష బాగుగ వచ్చినంతమాత్రమున రోగము కుదిరినదని చెప్పుటకు వీలులేదు.

ఈ మూడవ పనిని చట్టముగా చేసికొన్న దేశము అమెరికా. నయాగరా పట్టణమున లవ్ కెనాల్ అను పాత కాలువగోతిలో ఒక రసాయన కంపెనీ 1942 నుండి సుమారు 21,000 టన్నుల వ్యర్థములను పూడ్చి, 1953లో ఆ స్థలమును పాఠశాల సంఘమునకు ఒక్క డాలరుకు అమ్మినది. దానిమీద బడి, చుట్టును ఇండ్లు వెలసినవి. ఇండ్ల నేలమాళిగలలోనికి విషజలము ఊరినది. 1978 ఆగస్టులో ప్రభుత్వము అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబములను తరలించినది. ఆ కలతనుండి 1980లో ఒక చట్టము పుట్టినది. వ్యర్థము నేలలో మిగిలియున్నంతకాలము కనీసము ఐదేండ్లకొకసారి ఆ స్థలమును తిరిగి పరీక్షించి నివేదిక వెలువరింపవలెనని ఆ చట్టపు విధి. లవ్ కెనాల్ 2004లో ప్రమాదస్థలముల జాబితానుండి తొలగినది. అయినను వ్యర్థము అచ్చటనే మట్టికప్పుక్రింద నున్నది గనుక, పరిశీలన బావుల కొలత మాత్రము ఆగలేదు.

భారతదేశమున కేంద్ర భూగర్భజల మండలియు, రాష్ట్ర భూగర్భజల శాఖయు పరిశీలన బావులద్వారా నీటిమట్టమును సంవత్సరమునకు పలుమార్లు కొలుచుచున్నవి. కాని అట్టి బావి ఒకటి పెక్కు పల్లెలకు సాక్షిగా నిలువవలసియున్నది. రొయ్యల చెరువు ప్రక్కనున్న ఒక ఇంటి నూతి సంగతి ఆ సాక్షికి తెలియదు. ఆ ఇంటివారికి తెలియును. వారికి తెలిసినది మాత్రము ఎచ్చటను వ్రాసియుండదు.

బావుల పుస్తకము

ఈ దేశమున నేల పైభాగమునకు తరతరములుగా లెక్కలున్నవి. సర్వే నంబరు, విస్తీర్ణము, మెట్టయో మాగాణియో, ఏ పైరు వేసిరో, ఎవరి అనుభవములోనున్నదో అడంగలులో కలదు. సరిహద్దు రాయి ఒక గజము జరిగినచో తగవు పుట్టును. అదే నేలక్రింద మంచినీరు ఉప్పు నీరైనపుడు ఏ పుస్తకములోను మార్పు జరుగదు. పటాన్‌చెరు రైతులకు ఎకరముల లెక్కపై పరిహారము ముట్టినది. ఎకరములకు లెక్క యుండుటచేత అది సాధ్యమైనది. నూతినీటికి అట్టి లెక్క లేకపోవుటచేత, ఈ నీరు మునుపు బాగుండెడిదని రుజువు చేయుటయే బాధితులకు కష్టమగుచుండును. మునుపటి స్థితి తెలియనిదే నష్టమెంతయో తేలదు. శుభ్రపరచిన పిమ్మట ఏ స్థితికి చేరిననాడు పని ముగిసినట్లో కూడ తేలదు.

ఈ లెక్క వ్రాయుటకు గొప్ప విద్య అక్కరలేదు. నూతికొక నంబరు, అది మెరకపైనున్నదో పల్లమునందున్నదో, లోతెంత, ఏటికి రెండు మారులు, వేసవి చివర మే నెలలోను, వానలు తగ్గిన నవంబరులోను నీటిమట్టమెంత, లవణములెంత. కరగిన లవణములు లీటరుకు 500 మిల్లీగ్రాములవరకు మంచివనియు, వేరు నీరు లేనిచోట 2,000 వరకు సహింపవచ్చుననియు భారత ప్రమాణ సంస్థ నిర్ణయించినది. ఉప్పులోని క్లోరైడునకు ఆ హద్దులు 250, 1,000. ఎరువులద్వారా వచ్చు నైట్రేటునకు 45. లవణములను చూపు చేతిపరికరము నేడు చౌకగా దొరకును. అది సూక్ష్మజీవులను గాని, పాషాణమును గాని, మందుల జాడను గాని చూపలేదు. వానికొరకు నీటిని శుభ్రమైన సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపవలసినదే. అయినను అంకె సంవత్సరమునకు సంవత్సరము పెరుగుచున్నదను సంగతి తెలిసిననాడు, ఏ సీసాను పంపవలెనో, ఏ ప్రశ్న అడుగవలెనో తోచును.

ఈ పుస్తకము ఎచ్చటనుండవలెననునది చిన్న విషయము కాదు. ఫ్యాక్టరీవారి కొలత ఫ్యాక్టరీవారి బీరువాలో నుండును. కచేరీవారి కొలత కచేరీలో నుండును. చెరువు యజమానియు, ప్రక్క పొలము రైతును, నూతి యింటి ఇల్లాలును ఒకే బల్లముందు కూర్చుండి విప్పిచూడదగిన స్థలము గ్రామములో గ్రంథాలయమే. రొయ్యల సాగు చేయువారికిని ఈ లెక్కవలన నష్టము లేదు. తమ చెరువువలన నూతి చెడలేదని చూపవలసి వచ్చిననాడు వారికిని సాక్ష్యము ఆ పుస్తకమే. చెడినదని తేలిననాడు, ఏటికేడు నూతిని నింపవలసిన మంచినీరు ఎంతయో, చెరువుగట్టు ఎంత దూరము జరుపవలెనో తగవు లేకుండ తేల్చుటకును అదియే ఆధారము.

ఇరువదియైదేండ్లుగా పుస్తకములను పదిలపరచిన గ్రంథాలయమునకు మరియొక పుస్తకము బరువు కాదు. మొదటి పుటలో మొదటి నూతి మట్టమును వ్రాయుటకు మే నెల మంచి సమయము.